బాణాలన్నీ ఎడమకే పోతుంటే...

ఆరు బాణాలు వేశాను. ఆరూ ఎడమకే పోయాయి.

గురి కుదరక అటోటి ఇటోటి పడితే అదో లెక్క. ఇవి అలా కాదు. ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా దిగాయి, నేను చూసిన చోటికి సరిగ్గా జానెడు ఎడమన. అంటే చెయ్యి వణకట్లేదు. ప్రతిసారీ ఒకే తప్పు చేస్తున్నాను. ఆ తప్పేంటో రెండు నెలలు అర్థం కాలేదు.

హైదరాబాద్‌లో ఉద్యోగం, చేవెళ్ల వైపు ఫ్రెండ్ వాళ్లకి చిన్న పొలం. శనివారం పొద్దున్నే అక్కడికెళ్లి గోనెసంచుల నిండా పాత బట్టలు కుక్కి, దాన్నే టార్గెట్ చేసుకుని ప్రాక్టీస్. మొబైల్‌లో వీడియో తీసుకుని నా మోచెయ్యి ఎక్కడుంది, వేళ్లు ఎలా వదుల్తున్నాయి అని స్లో మోషన్‌లో చూసుకునేదాన్ని. రిలీజ్ బాలేదేమో అనుకుని రోజుకు వందసార్లు రబ్బర్ బ్యాండ్‌తో వదలడం ప్రాక్టీస్ చేశా. గడ్డం కింద ఆన్చే చోటు మార్చా. నిలబడే తీరు మార్చా. చివరికి జానెడు కుడికి చూసి వేయడం మొదలెట్టా. అలా చేస్తే మధ్యలో తగులుతుంది కానీ, మనసుకి మాత్రం తెలుస్తూనే ఉంటుంది, ఇది దొంగలెక్క అని.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. మాది బెజవాడ. మా ఊళ్లో ఆర్చరీ అంటే ఎవరికీ వింతగా ఉండదు. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మూడు గోల్డ్ మెడల్స్ కొట్టిన జ్యోతి సురేఖది మా ఊరే. పారిస్ ఒలింపిక్స్‌లో మిక్స్‌డ్ టీమ్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లిన ధీరజ్ బొమ్మదేవరదీ మా ఊరే. నేనూ పన్నెండో ఏట విల్లు పట్టాను. పదో తరగతి దాకా వేశాను. జిల్లా స్థాయిలో ఓ మెడల్ కూడా ఉంది, ఇంట్లో టీవీ పక్కన. ఆ తర్వాత ఇంటర్, ఎంసెట్. మా నాన్న నా విల్లు అమ్మేశాడు. ఆ డబ్బు కాలేజీ ఫీజులో కలిసింది. ఈ విషయం గురించి మేమిద్దరం పదేళ్లలో ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

నిరుడు బోనస్ చేతికి రాగానే కొన్న మొదటి వస్తువు విల్లు. అయితే చిన్నప్పుడు వేసినలాంటిది కాదు, ట్రెడిషనల్ రికర్వ్. చెక్క పిడి, చివర్లు ముందుకి వంపు తిరిగిన రెక్కలు, 62 అంగుళాల పొడవు. గురి చూసే సైట్ లేదు, క్లిక్కర్ లేదు, ముందుకి పొడుచుకొచ్చే స్టెబిలైజర్ లేదు. పిడి మీద చెక్కిన చిన్న అంచు, దాని మీద తోలు ముక్క. బాణం అక్కడే ఆనాలి.

నేను పట్టించుకోంది సరిగ్గా అదే. ఒలింపిక్ విల్లుకి పక్కన స్ప్రింగ్ ఉన్న చిన్న బటన్ ఉంటుంది. బాణం కొంచెం అటూ ఇటూ అయినా ఆ స్ప్రింగ్ బిగించో వదులు చేసో సర్దుకోవచ్చు. నా చెక్క విల్లుకి అలాంటిదేం లేదు. నారి ఎత్తు కొంచెం మార్చుకోవడం తప్పితే విల్లులో సర్దడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఏం సర్దాలన్నా బాణంలోనే సర్దాలి. నేనేమో విల్లు కోసం నెలరోజులు రివ్యూలు చదివి, బాణాలు పది నిమిషాల్లో ఆర్డర్ పెట్టేశా. 300, 400, 500, 600, 700 అని నంబర్లున్నాయి. మొబైల్ ర్యామ్ కొన్నట్టు 'మధ్యలోది తీసుకుంటే పోలా' అనుకుని 500 నొక్కా. పన్నెండు కార్బన్ బాణాలు, 30 అంగుళాలు, చిలకపచ్చ రంగు ప్లాస్టిక్ ఈకలు. చూడ్డానికి మాత్రం సూపర్‌గా ఉన్నాయి.

సంక్రాంతికి ఇంటికెళ్తూ విల్లు కూడా పట్టుకెళ్లా. పండక్కి తోడు వారం వర్క్ ఫ్రమ్ హోమ్. నున్న దగ్గర మా పెదనాన్న వాళ్లకి మామిడి తోట ఉంది. కనుమ మర్నాడు సాయంత్రం అక్కడ వేస్తుంటే నాన్న వచ్చి వెనకాల నిలబడ్డాడు. చిన్నప్పుడు గ్రౌండ్‌లో నిలబడినట్టే, చేతులు వెనక్కి కట్టుకుని. ఆయన ఆటోనగర్‌లో లేత్ మెషీన్ మీద ముప్ఫై ఏళ్లు పని చేశాడు. ఆరు బాణాలు పడేదాకా ఏం మాట్లాడలేదు.

"టక్ మంటోంది" అన్నాడు చివరికి.

"ఏంటి?"

"వదిలినప్పుడల్లా బాణం తోక వింటికి కొట్టుకుంటోంది అమ్మలూ. వినపడట్లా?"

రెండు నెలలు వీడియోలు మ్యూట్‌లో పెట్టి చూశానని అప్పుడు గుర్తొచ్చింది.

ఆ తోక ఎందుకు కొట్టుకుంటుందో చెప్పాలంటే, మనం చిన్నప్పట్నుంచీ సినిమాల్లో చూసిన బాణాన్ని మర్చిపోవాలి. సినిమాలో బాణం గీత గీసినట్టు పోతుంది. నిజం బాణం చేపలా మెలికలు తిరుగుతూ పోతుంది. ఆలోచించండి, బాణం వింటి మధ్యలోంచి వెళ్లదు, పక్కనుంచి వెళ్లాలి. వెనకనుంచి నారి ఒక్కసారిగా తోస్తుంది, ముందు ములికి బరువు కదలనంటుంది. మధ్యలో కాడ వంగుతుంది. ఒకసారి ఇటు, మళ్లీ అటు. అలా వంగుతూ వింటి పిడిని చుట్టుకుని, తోక కూడా తగలకుండా తప్పించుకుని, ఆ తర్వాతే నిలకడకొస్తుంది. దీనికి ఆర్చర్స్ పారడాక్స్ అని పేరు. 1930ల్లో అమెరికాలో క్లారెన్స్ హిక్‌మన్ అనే భౌతికశాస్త్రవేత్త హైస్పీడ్ కెమెరాతో ఈ వంపుల్ని ఫిల్మ్ మీద పట్టుకున్నాడు.

కాబట్టి బాణం ఎంత వంగాలో అంతే వంగాలి. మరీ బిరుసుగా ఉంటే చుట్టుకోలేక వింటికి తగిలి, కుడిచేత్తో లాగేవాళ్లకి ఎడమకి పోతుంది. మరీ మెత్తనైతే ఎక్కువ వంగి కుడికి పోతుంది. ఆ బిరుసునే స్పైన్ అంటారు. నేను ర్యామ్ అనుకున్న నంబర్ అదే. ఇంకో తిరకాసు ఏంటంటే, నంబర్ తగ్గేకొద్దీ బిరుసు పెరుగుతుంది.

ఆ రాత్రి నాన్న నాకోసం ఏదో తెస్తున్నట్టు అటక ఎక్కాడు. దిగేటప్పుడు చేతిలో దుమ్ము పట్టిన పీవీసీ పైపు. మూత తీస్తే, నా పాత బాణాలు. సన్నటి నల్ల కార్బన్ బాణాలు, తోకల దగ్గర నేను స్కెచ్ పెన్నుతో రాసుకున్న నా పేరు మొదటక్షరం. విల్లుతో పాటే పోయాయనుకున్నా ఇన్నాళ్లూ. లెక్కపెడితే ఏడున్నాయి.

"ఎనిమిదోది?"

"మీ అమ్మ గులాబీ మొక్కకి ఊతం పెట్టింది" అన్నాడు. వంటింట్లోంచి అమ్మ, "పడి ఉన్నాయి కదాని తీసుకున్నా, ఇప్పుడేం కొంప మునిగింది" అంది.

నాకు ఒళ్లంతా ఒకలా అయిపోయింది. మెట్లెక్కి డాబా మీదకెళ్లి, ఒక పాత బాణం తీసి కొత్త వింటికి తొడిగి, ఊరికే లాగి చూద్దామని నారి పట్టుకున్నా. దాదాపు పూర్తిగా లాగానో లేదో, "ఆగు! వదలకు! మెల్లగా దించు!" అని వెనకనుంచి అరుపు. నాన్న అంత గట్టిగా అరవడం నేను ఎప్పుడూ వినలేదు. దించాక చూసుకుంటే, ములికి అప్పటికే అంచుకి అర అంగుళం దూరంలో ఉంది. ఇంకొంచెం లాగి ఉంటే బాణం అంచు దాటి లోపలికి జారేది. ఆ టైమ్‌లో వేళ్లు తప్పితే అది వెళ్లేది వింటిని పట్టుకున్న నా ఎడమ చేతిలోకే. కార్బన్ కాడ పగిలి అరచేతిలో దిగితే ఎలా ఉంటుందో నెట్‌లో ఫొటోలున్నాయి. దయచేసి వెతక్కండి.

పద్నాలుగేళ్లప్పుడు నా లాగుడు 24 అంగుళాలు దాటేది కాదు. బాణాలు ఇరవై అయిదున్నరకి కోయించాం. ఇప్పుడు నా లాగుడు 26. చేతులు పెరిగాయి. బాణాలు పెరగవు కదా.

"ఆ విల్లు కొన్నాయన కొడుకు నీకన్నా పొడుగు" అన్నాడు నాన్న మెట్ల మీద కూర్చుంటూ. "విల్లు చాలు, బాణాలు మావాడికి పొట్టవుతాయి అన్నాడాయన. అందుకని ఇవి ఉండిపోయాయి."

"మరి పారెయ్యలేదేం?"

దానికి జవాబు రాలేదు. కాసేపాగి, "ఆ కొత్త బాణం ఒకటి ఇటివ్వు. రేపు దీని సంగతి చూద్దాం" అన్నాడు.

మర్నాడు ఆయన సంగతి చూసిన తీరు చెప్తాను. నేను నెట్‌లో వెతికి చెప్పా, ఆయన చేశాడు. స్పైన్ కొలవడానికి ఒక పద్ధతి ఉంది. బాణం కాడని 28 అంగుళాల దూరంలో ఉన్న రెండు ఆనింపుల మీద పెట్టి, సరిగ్గా మధ్యలో 880 గ్రాముల బరువు వేలాడదీయాలి. ఎంత కిందకి వంగిందో చూడాలి. అర అంగుళం, అంటే అంగుళంలో వెయ్యింట అయిదువందల వంతులు వంగితే ఆ బాణం 500. ముప్పావు అంగుళం దాటి, 0.8 వంగితే 800. ఇంతే.

నాన్న చెక్క పలక మీద రెండు మేకులు కొట్టాడు. షెడ్డుకెళ్లి ఇనప ముక్క ఒకటి తెచ్చి, మా వీధి చివర కిరాణా కొట్టు కాటా మీద తూచి, 880కి వచ్చేదాకా అరగదీశాడు. కొట్టు బాబాయ్ "బంగారమా ఏంటన్నా" అన్నాడట. వెర్నియర్‌తో కొలిస్తే వంపు పన్నెండున్నర మిల్లీమీటర్లకి కొంచెం పైన. అంటే కంపెనీవాళ్లు అబద్ధం చెప్పలేదు, అది అచ్చంగా 500 బాణమే. నా పాత బాణాల్ని కూడా కొలుద్దామన్నా. అవి రెండు మేకుల మధ్య ఆనలేదు కూడా, జారి కింద పడ్డాయి. వంటింటి కాటా మీద తూస్తే ఒక్కోటి 14 గ్రాములే.

ఈ బరువు గొడవ కూడా చెప్పాలి. బాణం మరీ తేలికైతే విల్లుకి ప్రమాదం. లాగినప్పుడు దాచుకున్న బలమంతా బాణం తీసుకెళ్లలేక, మిగిలింది రెక్కల్లోకే తిరగబడుతుంది. బాణం లేకుండా ఉత్త నారి వదిలితే విల్లు విరుగుతుందంటారే, అదే సంగతి. రాములవారు శివధనుస్సు విరిచినా మెచ్చుకున్నారు, మనకా అవకాశం లేదు. మామూలుగా చెక్క విల్లుకి ప్రతి పౌను బలానికీ ఎనిమిది నుంచి పది గ్రెయిన్ల బాణం బరువు ఉంటే మేలంటారు. ఒక గ్రాముకి దాదాపు పదిహేనున్నర గ్రెయిన్లు.

మరి నా విల్లు బలమెంత? దాని మీద 35 అని రాసుంది. కానీ అది 28 అంగుళాలు లాగినప్పటి లెక్క. నేను లాగేది 26. నాన్న సూట్‌కేసులు తూచే డిజిటల్ కాటా కొక్కేన్ని నారికి తగిలించి 26 దాకా లాగాడు. 13.7 కిలోలు. అంటే ముప్ఫై పౌన్లు. రెండు అంగుళాల తేడాకి అయిదు పౌన్లు పోయాయి. నేను 35 అనుకుని గొప్పలు పోతున్న విల్లు నా చేతిలో 30. ఆ 30కి 500 బాణం అంటే, సైకిల్‌కి లారీ స్ప్రింగు పెట్టినట్టు.

నాన్న అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. ఉన్నవాటినే దారికి తెద్దామన్నాడు. ములికి బరువు పెంచితే కాడ ఎక్కువ వంగుతుంది. బాణం మర చూసి 'ఎనిమిది-ముప్ఫైరెండు' అని గొణుక్కుంటూ వెళ్లి, సాయంత్రానికి లేత్ మీద 13 గ్రాముల ఇత్తడి ములికి తిప్పుకొచ్చాడు. అసలుదానికి రెట్టింపు బరువు. తళతళా మెరిసిపోతోంది. వేస్తే జానెడు కాస్తా బెత్తెడు అయింది. టక్ మనే శబ్దం తగ్గింది, పోలేదు. "చాలదు" అన్నాడు, ఇత్తడి ములికి జేబులో వేసుకుంటూ.

కొత్త బాణాలు విడిగా అమ్మే షాపు ఒకటి దొరికింది. డజను కొనలేదు ఈసారి. 700వి రెండు, 800వి రెండు, అన్నీ కోయని పూర్తి పొడవు, 125 గ్రెయిన్ల ములుకులు. ఈకలు మాత్రం టర్కీ కోడివి. అంచు మీద ఆనించి వేసే వింటికి ప్లాస్టిక్ ఈకలు పనికిరావు. వెళ్లేటప్పుడు అంచుకి తగిలి బాణాన్ని ఎగరేస్తాయి. కోడి ఈక అయితే తగిలినా అణిగిపోతుంది. నాన్న "భీమవరం పందెం కోడివి పనికిరావా" అని అడిగాడు. అడగడం వెక్కిరింతగా కాదు, సీరియస్‌గానే. ఒక బాణానికి అతికించే మూడు ఈకలూ ఒకే వైపు రెక్కవి అయ్యుండాలి, కుడివైతే కుడివి, ఎడమవైతే ఎడమవి. ఆ విషయం చెప్తే ఆయన ముఖంలో తృప్తి చూడాలి. పందెం కోడి గురించి మళ్లీ ఎత్తలేదు.

ముందు ఈకలు అతికించకుండా ఉత్త కాడలతో వేయాలి. ఈకలు బాణాన్ని వెనకనుంచి పట్టుకుని సరిచేస్తాయి, తప్పు దాచేస్తాయి. ఉత్త కాడ ఏదీ దాచదు. తోటలో పదిహేను అడుగుల నుంచి మొదలెట్టా, దూరం వద్దు. 700 కాడ మూడు వేళ్లు ఎడమకి. 800 కాడ మూడు వేళ్లు కుడికి. నాకు నీరసం వచ్చింది. నాన్న మాత్రం నవ్వాడు.

"ఎనిమిదొందలదే తీసుకో."

"రెండూ సమానంగానే తప్పాయిగా?"

"ఏడొందలదాన్ని పొడుగు చెయ్యలేం. ఎనిమిదొందలదాన్ని పొట్టి చెయ్యగలం."

కాడ పొట్టి అయ్యేకొద్దీ బిరుసెక్కుతుంది. లేత్ పనిలో కూడా అంతేనట, తక్కువ కోస్తే మళ్లీ కోయొచ్చు, ఎక్కువ కోస్తే ఇనప సామానువాడికే. కార్బన్‌ని ఇంట్లో హ్యాక్సా బ్లేడుతో కోయకండి, పీచులు లేచిపోతాయి. నాన్న షెడ్డులో వేగంగా తిరిగే పల్చటి కటింగ్ వీల్‌తో, ముక్కుకి మాస్క్ కట్టుకుని కోశాడు. ఆ నల్లపొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. ములికి అతికించింది వేడిచేస్తే వదిలే జిగురుతో, కాబట్టి తీసి పెట్టడం తేలికే. అర అంగుళం కోసి వేశాం. రెండు వేళ్లు కుడి. ఇంకో అర అంగుళం. ఒక వేలు. మూడోసారి కోశాక, ఇరవై ఎనిమిదిన్నర అంగుళాల దగ్గర, ఉత్త కాడ వెళ్లి నేను చూసిన మరక మీద దిగింది.

శబ్దం లేదు. నేను ముందు గమనించింది అదే. నారి మూలిగిన చిన్న చప్పుడు, అటు గోనెసంచిలో ధబ్ మని. మధ్యలో ఏం లేదు. ఇంకోటి వేశా, దాని పక్కనే. ఈకలు, ములికి అన్నీ కలిపి తూస్తే 21 గ్రాములు, నా ముప్ఫై పౌన్లకి పౌనుకి పదిపైన గ్రెయిన్లు. రెండు నెలలు నేను నా వేళ్లని, మోచేతిని, చివరికి నా పదేళ్ల గ్యాప్‌ని తిట్టుకున్నా. వాటి తప్పు కొంతే.

మిగతా 800 బాణాలు ఆర్డర్ పెట్టేశాం. వచ్చాక నాలుగింటికి నేనూ అమ్మా కూర్చుని ఈకలు అతికించాం. అమ్మ చెయ్యి నాకన్నా సాఫు, జాకెట్లకి హెమ్మింగ్ చేసిన చెయ్యి కదా. పాత బాణాలు ఏడూ పైపులోకి వెళ్లాయి కానీ అటకెక్కలేదు, నా గది మూలన ఉన్నాయి. గులాబీ మొక్క దగ్గరిది అక్కడే ఉంది. మొక్క దానికి అల్లుకుపోయింది, తీస్తే కొమ్మ విరుగుతుంది.

హైదరాబాద్ బస్సెక్కే రోజు పొద్దున చివరిసారి తోటకెళ్లాం. నేను రెండు రౌండ్లు వేసి నీళ్లు తాగుతుంటే, నాన్న విల్లు చేతిలోకి తీసుకున్నాడు. నాలుగేళ్లు గ్రౌండ్ బయట నిలబడి చూశాడే తప్ప ఆయన ఒక్కసారి కూడా వేయలేదు. "ఎట్టా పట్టుకోవాలి?" అన్నాడు. చెప్పా. మూడు వేళ్లు, భుజం దించు, గదవకి ఆనించు, ఊపిరి బిగించకు. ఆయన చేతులు పొడుగు, లాగుడు సరిగ్గా 28. ములికి అంచుకి ముందే ఆగిందా లేదా అని రెండుసార్లు చూశా.

మూడు వేశాడు. మూడూ సంచికే తగిలాయి. మూడూ కుడివైపుకి, ఒకదాని పక్కన ఒకటి.

నాన్న వాటివైపు చూశాడు, వింటి మీది 35 వైపు చూశాడు.

"నా చేతిలో ఇది మెత్తనవుతోంది" అన్నాడు. "ఆ ఏడొందలవి రెండు పక్కన పడేశావుగా. వాటికి ఈకలు అంటించి పెట్టు."